అక్కను దాటడం

నేను పరుగు మానేసినందుకు సన్మానాలు ఇంకా జరుగుతూనే ఉన్నాయి. పరుగెత్తే రోజుల్లో ఒక జత స్పైక్ బూట్లు అడిగితే మొహం చాటేసిన వాళ్ళే ఇప్పుడు శాలువాలు పట్టుకుని ఘాట్ రోడ్డెక్కి వస్తున్నారు. మా ఇంట్లో పేరుకున్న శాలువాల్ని ఏం చేయాలో తోచక మా అమ్మ చలికాలంలో మేకపిల్లలకు కప్పుతోంది. జరీ అంచు వాటికి బాగానే నప్పింది.

ఫ్లెక్సీల మీద నా పేరుకు ముందు ‘అరకు చిరుత’ అని వేస్తారు. మైదాన ప్రాంతం అమ్మాయి గెలిస్తే ఛాంపియన్ అంటారు, కొండ మీది అమ్మాయి గెలిస్తే జంతువు పేరు పెడతారు. చిరుత అన్నారు, లేడి అన్నారు. ఒక విలేకరి అయితే మరీ ముచ్చటపడి ‘కొండమేక’ అని రాశాడు. అతన్ని తప్పుపట్టను, ప్రేమతోనే రాసి ఉంటాడు.

ఇప్పుడు ఇది రాయడానికి కారణం మాత్రం సన్మానాలు కాదు. అరకులో మా కాలేజీ మైదానంలో పొద్దున్నే పరుగెత్తే ఆడపిల్లలు నన్ను ఆపి, “అక్కా, నీలాగ అవ్వాలంటే ఏటి సెయ్యాల?” అని అడుగుతుంటారు. సభల్లో అయితే క్రమశిక్షణ, పట్టుదల అని చెప్పి కూర్చుంటాను. అబద్ధమేమీ కాదు. అన్నం వండటం ఎలాగని అడిగితే నిప్పూ నీళ్ళూ అని చెప్పినట్టు ఉంటుంది, అంతే. అసలు జవాబు కాస్త పొడుగు, కొంతమందికి నచ్చదు కూడా. పతకాల వివరాలు ఇందులో ఉండవు. కావలసినవాళ్ళు మా అథ్లెటిక్స్ సంఘం వారిని అడగవచ్చు, వాళ్ళకు గుర్తున్నంతవరకు చెబుతారు.

పని అంటే ఇదీ

నేను పదిహేను వందల మీటర్ల పరుగు పరుగెత్తేదాన్ని. ట్రాక్ చుట్టూ నాలుగు రౌండ్లకు కొంచెం తక్కువ. వంద మీటర్ల పరుగులో ఎవరి గీతల మధ్య వాళ్ళు పరుగెత్తుతారు, ఒకరి జోలికి ఒకరు పోరు. మా పరుగులో అలా కాదు. అందరం లోపలి గీత దగ్గరే గుంపుగా పరుగెత్తుతాం, మోచేతులు తగులుతాయి, బూటు మేకులు పిక్కల మీద గీరుకుంటాయి. ముందున్నవాళ్ళు గాలికి ఎదురు నిలుస్తారు కాబట్టి వాళ్ళ వెనక దాక్కుని ఒంట్లో సత్తువ దాచుకోవాలి. చివర్లో బయటికి వచ్చి దాటాలి. ఎప్పుడు దాటాలో తెలియడమే మా విద్య. మిగతాదంతా తినడం, నిద్రపోవడం, మోకాలికి ఐసు పెట్టుకోవడం, స్టేషన్లలో రైళ్ళ కోసం ఎదురుచూడటం.

ఒక ప్రభుత్వరంగ సంస్థ స్పోర్ట్స్ కోటాలో నాకు ఉద్యోగం ఇచ్చింది. ఆఫీసులో నాకొక కుర్చీ ఉండేది. నేను ఎప్పుడు వెళ్ళినా అందులో ఎవరిదో లంచ్ బాక్సు కూర్చుని ఉండేది.

దారిలో పెద్దవాళ్ళు

మాది అనంతగిరి పైన, కాఫీ తోటల మధ్య ఉన్న చిన్న ఊరు. సంతకు దిగాలంటే కాలిబాటే గతి. ఒక మనిషి పట్టేంత బాట, ఒక పక్క కొండ, రెండో పక్క లోయ. అందరం వరసగా నడుస్తాం. పెద్దవాళ్ళు ముందు, పిల్లలు వెనక. వెనకవాళ్ళకు తొందర ఉంటే, “అక్కా, ఎల్నా?” అని అడగాలి. ముందున్న మనిషి తనకు వీలైనప్పుడు కొండవైపు ఒదిగి, “ఎల్లు” అంటుంది. అప్పుడు వెళ్ళాలి. పలకలేదంటే వద్దని అర్థం. నోరు మూసుకుని వెనకే నడవాలి.

ఎవరైనా అడగకుండా తోసుకుని దాటితే కొట్టరు, తిట్టరు. కాకపోతే సాయంత్రానికల్లా ఊరంతా, “ఆ గుంటకి కళ్ళు నెత్తికెక్కినాయి” అని అనుకుంటారు. గుంట అంటే మా వైపు ఆడపిల్ల. మా ఊళ్ళో అంతకు మించిన శిక్ష అవసరం పడలేదు. లోయ పక్కన ఒకరినొకరు తోసుకుంటే ఏమవుతుందో తెలిసినవాళ్ళు పెట్టిన పద్ధతి అది.

ఆశ్రమ పాఠశాలలో నా మొదటి పందెం జరిగింది. మా పీఈటీ అప్పలనాయుడు మాస్టారు. విజయనగరం వైపు రైతు కుటుంబం వాళ్ళు. పై అధికారితో పేచీ పెట్టుకుంటే ఏజెన్సీకి బదిలీ చేశారట. మా మన్యానికి మంచి ఉపాధ్యాయులు చాలామంది అలా శిక్ష మీదే వచ్చారు, అందుకు ఆ అధికారులకు మేం రుణపడి ఉండాలి.

ఆ పందెంలో హాస్టల్లో నాకన్నా పెద్దదైన ఒక అక్క ముందు పరుగెత్తుతోంది. నేను ఆమె వెనకే పరుగెత్తి, ఆమె వెనకే గీత దాటాను. మాస్టారు నన్ను పిలిచారు.

“ఏటే గుంటా, సివర్న ఎందుకు తగ్గిపోనావు? కాలు పట్టేసినాదా?”

“నేదు సార్. ముందర అక్క ఉంది.”

“ఉంటే?”

“పక్కకి తప్పుకోనేదు.”

ఆయన తువ్వాలుతో మొహం తుడుచుకుని వెళ్ళిపోయారు. మర్నాడు పొద్దున్నే పంచె ఎగ్గట్టి ఆయనే మైదానంలో దిగారు. “నన్ను దాటు. దాటినదాకా టిఫినీ నేదు” అన్నారు. ఆయనది దిట్టమైన బొజ్జ. కాసేపు పరుగెత్తారు, నేను వెనక పరుగెత్తాను. నడిచారు, నడిచాను. రొప్పుతూ నేలమీద కూలబడ్డారు, నేను ఆయన వెనక బుద్ధిగా కూర్చున్నాను. ఆ పూట హాస్టల్లో ఇద్దరికీ ఉప్మా దక్కలేదు.

కాస్త ఊపిరి తీసుకున్నాక ఆయన నా వైపు తిరిగి అడిగారు. “మరి మీ కొండమీద తొందరుంటే ఏటి సేత్తారే?”

చెప్పాను.

“అయితే అడగవే తల్లీ! నోరు నేదా?”

లేచి పరుగెత్తాం. అడిగాను. “ఎల్లు, ఎల్లు, నీకు పున్నెముంటాది” అని ఆయన పక్కకు తప్పుకుని రెండు చేతులూ జోడించారు.

తర్వాత నాకు పెద్ద పెద్ద డిప్లొమాలున్న కోచ్‌లు దొరికారు. వాళ్ళలో ఎక్కువమంది స్టాప్‌వాచ్ చూసి తిట్టేవాళ్ళు. ఎందుకు ఆగావని అడిగిన ఒకే ఒక్క మనిషి అప్పలనాయుడు మాస్టారు. కోచ్ పని నేర్చుకుంటున్నవాళ్ళు ఇంకేం చదవకపోయినా ఆ ప్రశ్న అడగడం అలవాటు చేసుకోండి.

మంత్రాల కేసు

మాస్టారి మందు బాగా పనిచేసింది. రాష్ట్ర స్థాయి పోటీలకు వెళ్ళినా ప్రతి అమ్మాయినీ, “అక్కా, ఎల్నా?” అని అడిగి దాటేదాన్ని. జవాబు కోసం ఆగేదాన్ని కాదు. వాళ్ళు మా కొండవాళ్ళు కారు కదా, వాళ్ళకు మర్యాద తెలుస్తుందని ఎవరు ఆశిస్తారు? నా వంతు నేను అడిగాను, అది చాలు.

ఒకసారి ఫైనల్ అయ్యాక ఓడినవాళ్ళలో ఇద్దరు ఫిర్యాదు చేశారు. అరకు అమ్మాయి వెనక నుంచి ఏవో మంత్రాలు చదువుతోందని, అవి వినబడగానే తమ కాళ్ళు బిగుసుకుపోతున్నాయని. చదువుకున్న అమ్మాయిలే. ఇంకా విచిత్రం, రిఫరీ ఆ ఫిర్యాదు తీసుకుని నన్ను గదికి పిలిపించాడు.

“ఏం చదువుతున్నావు?” అన్నాడు.

“ముందుకెళ్ళనా అని అడుగుతున్నాను సార్.”

“గెలవడానికి పర్మిషన్ అడుగుతావా?”

“ఈ గదిలోకి రావడానికి కూడా అడగమన్నారు కదా సార్ మీ బంట్రోతు.”

ఆయన మొహం గంటు పెట్టుకున్నాడు. పతకం మాత్రం తీసేయలేదు, మంత్రాలకు శిక్ష రూల్స్‌లో లేదు మరి. ఇకమీదట ట్రాక్ మీద నోరు విప్పవద్దని హెచ్చరించి పంపాడు. నోరు మూసుకోమని నాకు అందిన మొదటి అధికారిక ఆదేశం అది. తర్వాత లెక్కలేనన్ని అందాయి.

అప్పటినుంచి మనసులో అడిగి దాటడం అలవాటు చేసుకున్నాను. నోటికి మాత్రం వేరే పని దొరికింది.

నోటి పని

జాతీయ శిక్షణ శిబిరంలో మాకు రోజూ గుడ్డు పెట్టాలి. మెస్‌లో గోడమీద బొమ్మ వేసి మరీ రాశారు. గుడ్డు మాత్రం ఎవరైనా పెద్దమనిషి తనిఖీకి వచ్చిన రోజే ప్లేటులోకి వచ్చేది, మిగతా రోజుల్లో గోడమీదే ఉండేది. ఆ ఏడు నేను పతకం గెలిచాక టీవీవాళ్ళు మైకు పెట్టి, “మీ విజయ రహస్యం ఏమిటి?” అని అడిగారు. అమ్మానాన్నల ఆశీస్సులు అంటానని అనుకున్నారు.

“మంత్రిగారు మొన్న శిబిరానికి వచ్చారండీ, అందుకని గుడ్డు దొరికింది. ఆయన రోజూ వస్తే దేశానికి బోలెడు పతకాలు వస్తాయి” అన్నాను.

మర్నాటి నుంచి అందరికీ గుడ్డు వచ్చింది. నాకు మాత్రం తర్వాతి విదేశీ పర్యటనలో చోటు రాలేదు. నాలో జట్టు స్ఫూర్తి లోపించిందట. జట్టు శుభ్రంగా గుడ్లు తిని, నా స్ఫూర్తి లేకుండానే విమానం ఎక్కింది.

మా సంఘం కార్యదర్శి గారి గురించి ఇక్కడ చెప్పాలి. కోస్తా నుంచి వచ్చి ఏజెన్సీలో దుకాణాలు పెట్టి స్థిరపడ్డ వ్యాపారి. నేను పరుగు మొదలుపెట్టిన నాటికే ఆయన ఆ కుర్చీలో ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. తీయగా మాట్లాడతారు. గుడ్డు గొడవ తర్వాత నన్ను పిలిచి, “అమ్మా, నీ కాళ్ళు బంగారం. నోటికే కాస్త తాళం ఉంటే బాగుండును” అన్నారు.

“ఉన్న తాళం మీరు స్టోర్ రూముకు వేశారు కదండీ. మా బూట్లన్నీ అందులోనే ఉన్నాయి” అన్నాను.

ఆయన నవ్వారు. ఆయన నవ్వినప్పుడల్లా నాకు ఒక పోటీ తప్పిపోయేది.

ఒక శిబిరంలో ఇంకో పెద్దమనిషి సిరంజి పట్టుకుని వచ్చాడు. విటమిన్లు అన్నాడు. సీసా మీది కాగితం ఊడబెరికి ఉంది. “ముందు మీరు పొడిపించుకోండి సార్, ఆ పొట్ట తగ్గుతుందేమో చూద్దాం” అన్నాను. మళ్ళీ నా గదివైపు రాలేదు. పొడిపించుకున్నవాళ్ళలో నా స్నేహితురాళ్ళు ఇద్దరు ఉన్నారు. ఒకామె డోపింగ్ పరీక్షలో దొరికిపోయి ఇంట్లో కూర్చుంది. రెండో ఆమె దొరకలేదు, ఇప్పుడు కాలేజీల్లో నిజాయితీ మీద ఉపన్యాసాలు ఇస్తోంది. పేరు చదవలేని మందు ఒంట్లోకి ఎక్కించుకోకండి. చెప్పాల్సింది అంతే.

నోరున్న క్రీడాకారిణి అంటే జనానికి ముద్దే. ముద్దుతో విమానం టికెట్ రాదు. నిజం చెబితే చివరికి మంచే జరుగుతుందని మీకెవరైనా చెబితే వాళ్ళు ఏ సంఘంతోనూ పనిచేసి ఉండరు. నేను పోగొట్టుకున్నవి చిన్నవి కావు. రాత్రుళ్ళు ఏడ్చాను కూడా. అయినా మళ్ళీ అడిగితే మళ్ళీ అదే చెబుతాను, గుడ్డు మాత్రం వచ్చింది కదా. ఒక్క జాగ్రత్త తీసుకోండి. గెలిచిన రోజునే మాట్లాడండి. ఓడిన రోజు మాట్లాడితే దాన్ని ఏడుపు అంటారు.

నా వెనక ఒక గుంట

చివరి సీజన్‌కు సాధన చేసుకోవడానికి అరకు వచ్చేశాను. మోకాళ్ళు అరిగిపోయాయి. రాష్ట్ర పోటీల్లో ఒక్క పరుగు పరుగెత్తి మానేస్తానని అందరికీ చెప్పాను.

కాలేజీ మైదానంలో జమున అనే డిగ్రీ పిల్ల నా వెనక పరుగెత్తడం మొదలుపెట్టింది. మా కొండకు అవతల ఊరు. సన్నగా, నల్లగా, ఎప్పుడూ నేల చూస్తూ ఉండేది. ఎంత వేగంగా వెళ్ళినా సరిగ్గా ఒక అడుగు వెనకే ఉండేది. చూసేవాళ్ళు, “ఈ వయసులోనూ మిమ్మల్ని ఒక్కరూ అందుకోలేకపోతున్నారు మేడమ్” అని మెచ్చుకునేవాళ్ళు. కొన్నాళ్ళు ఆ మాటలు నాకూ బాగానే ఉన్నాయి.

తర్వాత ఒక సంగతి గమనించాను. నేను కమ్మరి తిత్తిలా ఎగపోస్తుంటే వెనక నుంచి ఊపిరి చప్పుడే వినబడటం లేదు. ఒకరోజు ఉన్నట్టుండి ఆగిపోయాను. ఆమె కూడా ఆగింది, నాకు తగలకుండా.

“ఎందుకే దాటవు?”

“నువ్వు అక్కవి కదా” అంది.

నవ్వు ఆపుకోలేక నేలమీద కూర్చున్నాను. నవ్వడం అయ్యాక మాస్టారి మందే ఈమెకూ వేశాను. అడగమన్నాను. అడిగింది. “ఎల్లు” అని పక్కకు జరిగాను. ఆ పిల్ల వెళ్ళిన వేగం చూసి ఉన్నచోటే ఆగిపోయాను. సంతోషంతో కాదు. నా మంచి రోజుల్లో కూడా నేను అలా పరుగెత్తలేదని తెలిసి కుళ్ళుకున్నాను. ఆ కుళ్ళు కొన్ని రోజులు పోలేదు.

చిన్న చిన్న పోటీల్లో జమున నాలాగే బయటివాళ్ళను అడిగి, జవాబు వినకుండా దాటి గెలిచింది. నేను ముందుంటే మాత్రం “ఎల్లు” అనే మాట వినబడే దాకా వెనకే. బయటివాళ్ళ దగ్గర మర్యాద ఎగ్గొట్టవచ్చు, సొంత కొండ అక్క దగ్గర కుదరదు.

రాష్ట్ర పోటీల్లో మొదట వచ్చిన ఒక్కరినే జాతీయ శిబిరానికి పంపుతారు. జమునకు ఆ ఒక్కటే అవకాశం. కోస్తాలో రొయ్యలు ఒలిచే ఫ్యాక్టరీకి ఆడపిల్లల్ని చేర్చే దళారీ వాళ్ళ ఊరు తిరుగుతున్నాడు. ఆమె నాన్న మాట ఇచ్చేశాడు. పోటీలు కాగానే జీపు వస్తుంది. శిబిరానికి ఎంపికైతేనే ఆయన ఆగుతానన్నాడు. అక్కడికి వెళ్ళిన పిల్లలు పండగలకు వేళ్ళు పాసిపోయి తిరిగి రావడం మేమంతా చూసినదే. మళ్ళీ పుస్తకం పట్టినవాళ్ళు నాకు తెలిసి లేరు.

ఆ శిబిరానికీ ఈ పిల్లకూ మధ్య నిలబడింది ఎవరంటే, నేను.

తప్పుకోమన్నవాళ్ళు

కార్యదర్శి గారు ఫోన్ చేశారు. “ఈ వయసులో చివరి పరుగు ఎందుకమ్మా? ప్రారంభోత్సవంలో జ్యోతి పట్టుకుని ఒక రౌండు వెయ్యండి, పెద్ద సన్మానం చేస్తాం. యువతరానికి దారి ఇవ్వాలి కదా” అన్నారు.

“మీరెప్పుడు ఇస్తున్నారండీ దారి?” అన్నాను.

లైను కట్ అయింది. మా కొండల్లో సిగ్నల్ సరిగా ఉండదు లెండి.

ఆయనకు జవాబు చెప్పడం తేలికే. సంతరోజున జమున అమ్మ వచ్చింది. చిన్న సంచిలో రాజ్మా గింజలు తెచ్చి నా ముందు పెట్టి, గడప దగ్గర కూర్చుంది.

“అమ్మా, నువ్వు పరుగెట్టకపోతే నా గుంటే ముందొస్తాది కదా?”

“వస్తాది.”

“మరి మానీ తల్లీ. నీకేటి తక్కువ? పేరుంది, ఉజ్జోగముంది.”

జీవితంలో మొదటిసారి నాకు వెటకారం రాలేదు. నాకు తెలిసింది చెప్పాను. “ఇక్కడ నేను తప్పుకుంటాను సరే. ఆ శిబిరంలో నీ కూతురు ఎవులినైనా అక్కా అనుకున్నాదంటే ఆళ్ళ ఎనకే ఉండిపోతాది. ఆళ్ళు తప్పుకోరు, ఎల్లు అనరు. నెల తిరక్కుండా ఇంటికి పంపేత్తారు.”

“అదంతా తరవాత మాట. జీపు ముందరొస్తాది” అంది ఆమె.

అదీ నిజమే. అయినా నేను ఒప్పుకోలేదు. ఆమె నన్ను తిట్టి వెళ్ళినా బాగుండేది, రాజ్మా సంచి అక్కడే వదిలి వెళ్ళింది. నేను చెప్పిన కారణం నిజమే. దాని కింద ఇంకొకటి ఉంది, అదీ చెప్పాలి. నాకు గెలవాలని ఉంది. పరుగెత్తే మనిషికి చివరి పరుగైనా మొదటి పరుగైనా కోరిక అదే. ఎదుట ఉన్నది పేదపిల్ల అని తెలిస్తే ఆ కోరిక చచ్చిపోతుందని అనుకునేవాళ్ళు ఎప్పుడూ బూట్లు కట్టి ఉండరు.

ఆ సాయంత్రం జమునకు చెప్పేశాను.

“ఆ రోజు నువ్వు అడిగినా నేను పలకను.”

“పలక్కపోతే ఎలగెల్తానక్కా?”

“నాకేటి తెలుసు? నీ సంగతి నువ్వు సూసుకో.”

మర్నాడు కూడా జమున ఒక అడుగు వెనకే పరుగెత్తింది. నాకు భయం వేసింది. మాట వెనక్కి తీసుకుందామని చాలాసార్లు అనిపించింది.

చివరి పరుగు

పోటీలు తీరంలో ఒక పట్నంలో పెట్టారు. ఉక్కపోత. మా కొండవాళ్ళకు ఊపిరే బరువవుతుంది అక్కడ.

మొదటి రెండు రౌండ్లూ గుంపులో గడిచాయి. మూడో రౌండులో నేను ముందుకు వచ్చాను. గుంపు విడిపోయి వెనకబడింది. చివరి రౌండు గంట కొట్టేసరికి నా వెనక ఒక్క మనిషే మిగిలింది. ఎవరో తిరిగి చూడక్కర్లేదు, ఊపిరి చప్పుడు లేదు.

ట్రాక్ అవతలి పక్క తిన్నటి దారిలో వినబడింది.

“అక్కా, ఎల్నా?”

నేను పలకలేదు. వేగం పెంచాను. నిజంగానే పెంచాను, ఉన్నదంతా పెట్టాను. మోకాలు మండుతోంది. చివరి మలుపు దగ్గరకు వస్తున్నాం. జమున అమ్మ గడప దగ్గర కూర్చున్న తీరు కళ్ళ ముందు కదిలింది. ఒక్క మాట అంటే అయిపోతుంది. నాలుక చివరకు వచ్చింది కూడా.

“అక్కా... ఎల్నా?”

ఏడుస్తోందేమో తెలియదు. నేను పళ్ళు బిగించాను. మలుపు సగం అయింది, వెనక ఏ మాటా లేదు. అయిపోయింది, ఈ పిల్ల రొయ్యల ఫ్యాక్టరీకి పోతుంది, పంపింది నేనే అనుకున్నాను. అంతటి దిగులు నాకు ఏ ఓటమిలోనూ కలగలేదు.

మలుపు తిరిగేసరికి నా కుడి భుజం పక్కన ఒక నీడ కనబడింది. మోచెయ్యి నా చేతికి తగిలింది, గట్టిగానే తగిలింది. జమున నా పక్కకు వచ్చింది, నా వైపు చూడలేదు, దాటేసింది.

సంతోషించి ఉంటానని అనుకుంటున్నారా? ఒళ్ళు మండిపోయింది. నన్ను దాటుతుందా ఈ గుంట! అని వెంటపడ్డాను. ఆ కొద్ది దూరంలో పరుగెత్తినంత కసిగా నా జీవితంలో ఎప్పుడూ పరుగెత్తలేదు. అందలేదు. దూరం పెరిగింది తప్ప తగ్గలేదు. గీత దాటి నేలమీద పడ్డాను. అప్పుడు ఏడుపు వచ్చింది. ఓడినందుకు ఏడ్చాను, తర్వాత వేరే దేనికో ఏడ్చాను. రెండూ ఎక్కడ కలిసిపోయాయో నాకు తెలియలేదు.

మైకు

పతకాలు ఇచ్చే వేదిక మీద కార్యదర్శి గారు మైకు అందుకున్నారు. ఆయనకు మైకు దొరికితే ఎండా వానా తేడా ఉండదు. నా భుజాల మీద శాలువా కప్పి, కళ్ళు తుడుచుకుని మొదలుపెట్టారు.

“మన చిరుత తన చివరి పరుగులో ఎంతటి త్యాగం చేసిందో మీరంతా చూశారు. తాను గెలవగలిగి ఉండి కూడా, తన కొండబిడ్డకు పెద్దమనసుతో దారి ఇచ్చింది. దారి ఇవ్వడం అంటే ఇదీ! ఈ స్ఫూర్తిని మా సంఘం ఎప్పుడూ...”

జనం చప్పట్లు కొట్టారు. విలేకరులు రాసుకున్నారు. నా నోరు అంత ప్రసిద్ధి కదా, ఆ క్షణాన అది పెగల్లేదు. ఆయాసం ఇంకా తీరలేదు. పైగా త్యాగమూర్తిగా ఇంటికి వెళ్ళడం, ఓడినదానిగా వెళ్ళడం కన్నా సుఖంగా ఉంటుందని కూడా ఒక్క క్షణం అనిపించింది.

కార్యదర్శి గారు మైకు జమున చేతికిచ్చి, “అక్కకు థాంక్స్ చెప్పమ్మా” అన్నారు.

జమున మైకును రెండు చేతుల్తో పట్టుకుంది. ఎప్పటిలాగే నేల చూస్తోంది. ఇంత జనం ముందు ఆ పిల్ల ఒక్క ముక్క మాట్లాడటం నేనెప్పుడూ చూడలేదు. తర్వాత తల ఎత్తింది.

“అక్క దారి ఇయ్యనేదు సార్.”

మైదానమంతా ఆ గొంతు వినబడింది. కార్యదర్శి గారు నవ్వుతూనే ఉన్నారు, వినబడలేదేమో.

“రెండుసార్లు అడిగినాను. పలకనేదు. నేనే దాటీసినాను. అక్క మళ్ళీ నన్ను పట్టుకోడానికి పరుగెట్టింది, పట్టుకోనేకపోయింది. తేగం కాదు సార్ అది.”

నా ఇన్నేళ్ళ పరుగులో నా గురించి ఎవరైనా చెప్పిన నిజమైన మాట అదొక్కటే. శాలువా తీసి మడిచి కుర్చీ మీద పెట్టాను. నవ్వు ఆగలేదు. కార్యదర్శి గారు నా వైపు తిరిగి, “ఇదీ మీ ట్రైనింగేనా?” అని పళ్ళ సందుల్లోంచి అడిగారు. కాదని తల ఊపాను. నిజంగానే ఇది నేను నేర్పలేదు.

ఆయన చిరునవ్వు సర్దుకుని మైకు కోసం చెయ్యి చాపారు. జమున ఇవ్వలేదు. ఒక అడుగు పక్కకు జరిగి మైకును ఇంకా దగ్గరగా పట్టుకుంది.

“ఉండండి సార్. ఆడపిల్లలని పెట్టిన కాడ నిన్నటి నుంచి నీళ్ళు రాట్నేదు. అది సెప్పాలి. ఇంకా ఉన్నాయి.”